సూరత్ కార్మికుల బిడ్డల చదువు – మన సంఘాల కర్తవ్యం

సూరత్ నగరంలోని రింగ్ రోడ్డు పేరు వినని బట్టల వ్యాపారి మన దేశంలో అరుదు. సహారా దర్వాజా నుంచి ఉధనా దర్వాజా వైపు సాగే ఆ రోడ్డుకు ఇరుపక్కల బారులు తీరిన అంతస్తుల మార్కెట్లలో ప్రతి దినం లక్షల మీటర్ల బట్ట చేతులు మారుతున్నది. వరంగల్‌లోను, విజయవాడలోను పండుగకు కొన్న చీరలలో అనేకం ఆ రోడ్డు మీదుగా వచ్చినవే. ఏ చీరకు ఎంత ధర పలుకుతుందో, ఎంత లాభం మిగులుతుందో క్షణంలో లెక్కగట్టి చెప్పగలవారు ఆ మార్కెట్లలో వేలమంది ఉన్నారు. అయితే ఆ చీర నేసిన కార్మికుని బిడ్డ ఈ టర్ములో బడిలో ఏమి నేర్చుకొంటున్నదో చెప్పగలవారు ఎందరు? జూన్ నెలలో బడులు తెరిచి, దీపావళి సెలవుల వరకు సాగే మొదటి టర్ము నడుస్తున్న ఈ సమయంలో ఈ ప్రశ్నను మన సంఘాల ముందు ఉంచడం అవసరమని మేము భావిస్తున్నాము.

ఇది విద్యాశాఖవారు చూసుకోవలసిన విషయం, కార్మిక సంఘానికి దీనితో ఏమి పని అని కొందరు మిత్రులు అనవచ్చు. వేతనం, బోనసు, పనిగంటలు, ప్రావిడెంట్ ఫండు – ఇవే మన ఎజెండా అని వారి భావన. ఈ భావన పొరపాటని మనవి చేయక తప్పదు. కార్మికుడు ఊరు విడిచి, బంధువులను విడిచి, వెయ్యి కిలోమీటర్ల దూరంలో పన్నెండు గంటల షిఫ్టు చేస్తున్నాడంటే తన కడుపు కోసం మాత్రమే చేయడం లేదు. తన బిడ్డ ఆ షిఫ్టులోకి రాకూడదని చేస్తున్నాడు. ఆ ఆశ నెరవేరేదీ, నీరుగారిపోయేదీ ప్రాథమిక పాఠశాల తరగతి గదిలోనే.

తెలుగువారు సూరత్ చేరడం నిన్న మొన్నటి మాట కాదు. చేతిమగ్గానికి గిరాకీ తగ్గిన కరీంనగర్, వరంగల్, నల్లగొండ జిల్లాల పల్లెల నుంచి, వానలు లేక బావులెండిన ఊళ్ళ నుంచి మనవారు బొంబాయికి, షోలాపూర్‌కు, భివండీకి, సూరత్‌కు తరలిపోయారు. మనవారు సాంచెలని పిలిచే మరమగ్గాలపై పనిచేసేవారు, రంగుల మిల్లులలో పనిచేసేవారు, రింగ్ రోడ్డు మార్కెట్లలో చీరలు మడతపెట్టి కట్టలు కట్టేవారు, పార్సిళ్ళు మోసేవారు, ఇంటివద్ద కూర్చుండి చీరలకు రాళ్ళు, లేసులు అంటించే స్త్రీలు – వీరందరి శ్రమ ఆ నగర సంపదలో ఉన్నది. రింగ్ రోడ్డు దాటి, రైలు పట్టాలకు ఆవలనున్న లింబాయత్ ప్రాంతపు పేటలలో తెలుగు ఇంటి మాటే కాదు, వీధి మాట కూడా.

సూరత్ మునిసిపల్ కార్పొరేషన్‌కు చెందిన నగర ప్రాథమిక విద్యా సమితి గుజరాతీతోపాటు హిందీ, మరాఠీ, ఉర్దూ, ఒడియా, తెలుగు, ఇంగ్లీషు మాధ్యమాలలోను బడులు నడుపుతున్నది. పొరుగు రాష్ట్రపు కార్మికుల బిడ్డలకు వారి భాషలో చదువు చెప్పించడం ఒక నగరపాలక సంస్థకు గౌరవం తెచ్చే పని. ఆ గౌరవాన్ని మేము మనస్ఫూర్తిగా చెల్లిస్తున్నాము. ఆ బడులు పేరుకు మిగిలిపోకుండా, బలంగా నిలవాలన్నదే మా తపన.

ఇంతకూ ఆ తరగతి గదిలో ఈ టర్ములో జరుగుతున్నది ఏమిటి? 2021 జూలై 5న కేంద్ర ప్రభుత్వం ప్రారంభించిన నిపుణ్ భారత్ కార్యక్రమం దేశంలోని ప్రతి బిడ్డా మూడవ తరగతి ముగించే నాటికి చదవడం, వ్రాయడం, లెక్కించడం నేర్చి తీరాలని నిర్దేశించి, దానికి 2026–27 విద్యాసంవత్సరాన్ని గడువుగా పెట్టుకొన్నది. ఆ లక్ష్యాల ప్రకారం ఒకటవ తరగతి బిడ్డ నాలుగైదు తేలిక మాటలున్న చిన్న వాక్యం చదవగలగాలి. 99 వరకు అంకెలు చదివి వ్రాయగలగాలి. రెండవ తరగతి బిడ్డ నిమిషానికి 45 నుంచి 60 మాటలు చదవగలగాలి. 999 వరకు అంకెలు తెలియాలి. మూడవ తరగతి బిడ్డ నిమిషానికి కనీసం 60 మాటలు అర్థం తెలుసుకొంటూ చదవాలి. 9,999 వరకు సంఖ్యలు గుర్తించాలి. తేలిక గుణకారం చేయగలగాలి. వినడానికి ఇవి స్వల్ప విషయాలుగా తోచవచ్చు. ఈ మెట్టు దాటని బిడ్డకు నాలుగవ తరగతి పుస్తకం మూసిన తలుపుతో సమానం. ఐదవ తరగతిలో వెనుకబడి, ఏడవ తరగతిలో బడి మాని, పద్నాలుగేళ్ళు నిండీ నిండకుండానే షెడ్డులో కండెలు చుట్టడానికి పోయే పిల్లవాని కథ మొదలయ్యేది ఈ మెట్టు వద్దనే.

ఈ లక్ష్యాలలో అర్థం తెలుసుకొంటూ అన్న మాటను మన మిత్రులు ప్రత్యేకంగా గమనించవలె. అర్థం తెలియని భాషలో అక్షరాలు కూడబలుక్కొని చదవడం సాధ్యమే. దానిని చదువు అనరు. ఇంట్లో తెలుగు తప్ప మరో మాట వినని ఆరేళ్ళ బిడ్డను ఒక్కసారిగా పరాయి భాష తరగతిలో కూర్చోబెడితే, ఆ బిడ్డ ముందుగా నేర్చుకొనేది మౌనం. టీచరు చెప్పిన పాఠం తెలియక, తెలియలేదని చెప్పే మాటా తెలియక, వెనుక బెంచీలో తలవంచుకొని కూర్చోవడం నేర్చుకొంటుంది. అట్టి బిడ్డకు తెలివి లేదని ముద్ర వేయడం మన సమాజానికి తేలిక.

లెక్కలలోనే ఒక ఉదాహరణ చూడండి. తెలుగులో ఇరవై ఒకటి అంటాము. ముందు పది, తరువాత ఒకటి – అంకెలలో వ్రాసే వరుస కూడా అదే. గుజరాతీలో అదే సంఖ్య ఏక్‌వీస్. ఒకటి ముందు వచ్చి ఇరవై తరువాత వస్తుంది. పదుల స్థానం, ఒకట్ల స్థానం అంటే ఏమిటో అప్పుడప్పుడే గ్రహిస్తున్న బిడ్డకు ఈ తారుమారు చిన్న చిక్కు కాదు. తన భాషలో స్థానాల విలువ ఒకసారి తెలిసిన బిడ్డ తరువాత ఏక్‌వీస్‌ను వారం రోజులలో పట్టుకొంటుంది. తెలియని భావాన్ని తెలియని మాటలో వినవలసి వచ్చిన బిడ్డకు రెండూ దక్కవు.

ఇక మన వృత్తికి సంబంధించిన లెక్కకే వద్దాము. మరమగ్గం కార్మికునికి చాలా చోట్ల మీటరు లెక్కన కూలి ఇస్తారు. రేట్లు షెడ్డును బట్టి, బట్టను బట్టి మారుతాయి. లెక్క చేయడం కోసం మాత్రమే ఒక ఉదాహరణ అనుకొందాము. ఒక కార్మికుడు ఎనిమిది సాంచెలు చూసుకొంటున్నాడు. ఒక్కొక్క దానిపై దినానికి 35 మీటర్ల బట్ట దిగుతున్నది. మీటరుకు రెండున్నర రూపాయలు. మొత్తం 280 మీటర్లు, 700 రూపాయలు. బజారు మందగించిందని యజమాని మీటరుకు పావలా తగ్గించాడు. పావలాయే కదా అని కార్మికుడు సర్దుకొన్నాడు. ఆ పావలా దినానికి 70 రూపాయలు. 26 పనిదినాలకు 1,820 రూపాయలు. ఈ గుణకారం మూడు, నాలుగు తరగతుల పాఠం. ఈ పాఠం బాగా వచ్చిన బిడ్డ ఉన్న ఇంట్లో పావలా ఎంతటిదో రాత్రి భోజనాల వేళకే తెలిసిపోతుంది. కూలి చీటీ చదవగలిగి, మీటర్లు గుణించగలిగి, కోత ఎక్కడ పడిందో చూపగలిగిన మనిషిని మోసగించడం కష్టం. ప్రాథమిక విద్యకు, కార్మికోద్యమానికి గల సంబంధాన్ని ఇంతకంటె స్పష్టంగా చెప్పే పని లేదు.

మాతృభాషలో చదువు అన్నది మనం కొత్తగా కనిపెట్టిన నినాదం కాదు. 1953లోనే యునెస్కో సంస్థ తన నివేదికలో బిడ్డకు తొలి చదువు తల్లిభాషలో జరగాలని చెప్పింది. అంతకు ఎన్నో ఏళ్ళ ముందే మన గిడుగు రామమూర్తి పంతులుగారు పర్లాకిమిడి ప్రాంతంలో సవర భాష నేర్చుకొని, ఆ పిల్లలకు వారి భాషలోనే వాచకాలు వ్రాసి, బడులు పెట్టించారు. అధికులు మాట్లాడే తెలుగును అల్పసంఖ్యాకులైన సవరలపై రుద్దరాదని తెలుగువాడే గ్రహించి ఆచరించాడు. ఆ న్యాయాన్నే నేడు మనవారు అల్పసంఖ్యాకులుగా ఉన్న చోట మనం కోరుతున్నాము. సూరత్ ఉన్న గుజరాత్ గడ్డ మీదనే, భావనగర్‌లో, గిజూభాయి బధేకా 1920లో బాలమందిరం స్థాపించి, బిడ్డ భయం లేకుండా, తన మాటలో, తన ఆటపాటలతో నేర్చుకోవాలని చేసి చూపారు. ఆయన దివాస్వప్న పుస్తకం మన ఉపాధ్యాయులకు పరిచితమే. గుజరాత్ తన బిడ్డల కోసం ఆలోచించిన ఈ మంచి మాట తన నగరాలలో నేత నేస్తున్న పరాయి బిడ్డలకు కూడా వర్తించాలని కోరడంలో తప్పు లేదు.

ఇక్కడ ఒక అపోహను తొలగించవలసి ఉన్నది. తెలుగు బడి కావాలన్నవారు గుజరాతీకి వ్యతిరేకులని ఎవరైనా ప్రచారం చేస్తే దానిని మేము ఖండిస్తున్నాము. సూరత్‌లో బ్రతికే కార్మికుడు గుజరాతీ నేర్చి తీరాలి. ఆసుపత్రిలో, పోలీసు స్టేషనులో, లేబర్ కమిషనర్ కార్యాలయంలో, వార్డు ఆఫీసులో మాట్లాడవలసిన భాష అది. గుజరాతీ సహకార్మికునితో కలసి సమ్మె చేయవలసిన భాష కూడా అదే. 2023లో గుజరాత్ శాసనసభ ఒకటి నుంచి ఎనిమిది తరగతుల వరకు అన్ని బడులలో గుజరాతీ బోధన తప్పనిసరి చేస్తూ చట్టం చేసింది. 2018లో తెలంగాణ కూడా ఒకటి నుంచి పది తరగతుల వరకు తెలుగును తప్పనిసరి చేస్తూ చట్టం చేసింది. తన భాషను కాపాడుకొనే హక్కు ఏ రాష్ట్రానికైనా ఉన్నది. రెండు చట్టాలూ న్యాయమైనవే. అయితే ఈ రెండు చట్టాలూ ఒకే బిడ్డ నెత్తి మీద కలుసుకొంటున్నాయని ఏ శాసనసభకూ గుర్తు రాలేదు. వలస కార్మికుని బిడ్డ మూడవ తరగతి సూరత్‌లో, నాలుగవ తరగతి సిరిసిల్లలో, ఐదవ తరగతి మళ్ళీ సూరత్‌లో చదవవలసి రావచ్చు. ఇక్కడ గుజరాతీ రాలేదని వెనుకకు నెట్టి, అక్కడ తెలుగు రాలేదని వెనుకకు నెడితే ఆ బిడ్డ నిలవవలసిన చోటు ఎక్కడ?

తెలుగు మాధ్యమంలో చదివే సూరత్ బిడ్డ ప్రాథమిక దశ ముగిసేలోగా తెలుగు, గుజరాతీ, హిందీ, ఇంగ్లీషు – నాలుగు లిపులు ఎదుర్కోవాలి. తెలుగు అక్షరమాలలోనే గుణింతాలు, ఒత్తులు ఉన్నాయి. గుజరాతీ అక్షరానికి తలకట్టు గీత ఉండదు. హిందీ అక్షరానికి ఉంటుంది. ఇన్ని లిపులు పట్టుకొంటున్న బిడ్డలు తెలివి తక్కువవారు కారు. సంపన్నుల బిడ్డ ఇందులో సగం నేర్చినా పత్రికలలో ఫోటో వేయించుకొనేవారు. మన బిడ్డలకు కావలసినది ఒక క్రమం: ముందు ఇంటి భాషలో పునాది, దాని మీద గుజరాతీ, ఆపైన తక్కినవి. ఈ క్రమం ఉపాధ్యాయుని చేతిలో ఉన్నది. అందుకు తెలుగు, గుజరాతీ రెండూ తెలిసిన ఉపాధ్యాయుడు కావాలి. అట్టివారు ఆ నగరంలోనే పుట్టి పెరిగిన కార్మిక కుటుంబాల యువతీ యువకులలో ఉన్నారు.

తల్లిదండ్రుల సందేహాన్ని కూడా మనం దాటవేయరాదు. తెలుగు చదివి సూరత్‌లో ఏమి లాభం, ఇంగ్లీషు బడిలో వేస్తే నాలుగు రాళ్ళు సంపాదిస్తాడు కదా అని అనేకమంది కార్మికులు అడుగుతున్నారు. ఫీజు కట్టడానికి అప్పు చేసి, గల్లీలోని చిన్న ప్రైవేటు బడికి పంపుతున్నవారూ ఉన్నారు. వారిని నిందించే అధికారం ఎవరికీ లేదు. మునిసిపల్ బడిలో పై తరగతులకు దారి కనిపించనప్పుడు, ఎనిమిదవ తరగతి తరువాత బిడ్డ ఎక్కడ చేరాలో చెప్పేవారు లేనప్పుడు, తండ్రి వేరే దారి వెదకడం సహజం. అయితే పేరుకు ఇంగ్లీషు బడిలో చేరి, ఇంగ్లీషూ రాక, తెలుగూ రాక, ఊరి నుంచి తాత వ్రాసిన ఉత్తరం చదవలేక మిగిలిన బిడ్డలను కూడా మనం చూస్తున్నాము. ఇంగ్లీషు కావాలంటే బడిలో మంచి ఇంగ్లీషు టీచరు కావాలి. దాని కోసం పునాది భాషను పెకలించవలసిన అవసరం లేదు.

తెలుగు బడి అడగడం యాచన కాదు. 1956లో ఏడవ సవరణ ద్వారా రాజ్యాంగంలో చేర్చిన 350–ఎ అధికరణం భాషా అల్పసంఖ్యాకుల బిడ్డలకు ప్రాథమిక దశలో మాతృభాషలో బోధనకు తగిన సదుపాయాలు కల్పించడం రాష్ట్రాల, స్థానిక సంస్థల విధి అని చెప్పుచున్నది. 1949 ఆగస్టులో జరిగిన విద్యామంత్రుల సమావేశమే బడి మొత్తంలో 40 మంది, లేదా ఒక తరగతిలో 10 మంది ఆ భాష బిడ్డలుంటే టీచరును నియమించాలని అంగీకరించింది. 2010 ఏప్రిల్ 1న అమలులోకి వచ్చిన విద్యాహక్కు చట్టం మాతృభాషలో బోధన సాధ్యమైనంతవరకు జరగాలన్నది. వలస కుటుంబాల బిడ్డలను బడిలో చేర్చుకొనే బాధ్యతను స్థానిక సంస్థపై పెట్టింది. ప్రాథమిక తరగతులలో 30 మందికి ఒక టీచరు ఉండాలన్నది. టి.సి. రాలేదన్న కారణంతో చేర్చుకోవడం ఆలస్యం చేయరాదని, నిరాకరించరాదని కూడా స్పష్టంగా చెప్పింది. 2020 జాతీయ విద్యావిధానం కనీసం ఐదవ తరగతి వరకు ఇంటి భాషలో బోధన ఉండాలని చెప్పింది. కాగితం మీద మనకు కొరత లేదు. కొరత ఉన్నది ఆ కాగితం చేతబట్టుకొని ఆఫీసుకు వెళ్ళే సంఘానికి.

ఇప్పుడు మన ఇళ్ళలోని ఒక బాధాకరమైన విషయం. బడి వదిలిన తరువాత బిడ్డ ఏమి చేస్తున్నది? రింగ్ రోడ్డు మార్కెట్ల నుంచి చీరల మూటలు మధ్యవర్తుల ద్వారా మన పేటలకు వస్తాయి. తల్లి వాటికి రాళ్ళు అంటించాలి, దారాలు కత్తిరించాలి, లేసు కుట్టాలి. చీరకు ఇంత అని లెక్క. ఆ రేటు ఎంత తక్కువగా ఉంటుందంటే ఒక మనిషి చేతులు చాలవు. మూడవ తరగతి చదివే పాప పుస్తకం పక్కన పెట్టి తల్లి పక్కన కూర్చుంటుంది. పసిబిడ్డ ఉంటే ఆ బిడ్డను ఎత్తుకొనే పని కూడా అక్కదే. రాత్రి మసక దీపం కింద రాళ్ళు అంటించిన కళ్ళతో తెల్లవారి బడిలో నిమిషానికి 60 మాటలు చదవమంటే ఎట్లు చదువుతుంది?

2016లో సవరించిన బాలకార్మిక చట్టం పద్నాలుగేళ్ళ లోపు బిడ్డలను ఏ పనిలోను పెట్టరాదన్నది. అయితే బడి వేళల తరువాత, సెలవులలో, ప్రమాదం లేని కుటుంబ పనిలో సహాయం చేయవచ్చునని ఒక సందు వదిలింది. ఆ సందుకు కూడా 2017 నిబంధనలు హద్దు గీశాయి: రాత్రి ఏడు నుంచి ఉదయం ఎనిమిది వరకు ఏ సహాయమూ చేయించరాదు, దినానికి మూడు గంటలు మించరాదు. బట్ట వ్యాపారిది, డిజైను వ్యాపారిది, గడువు వ్యాపారిది, రేటు వ్యాపారిది. ఇంట్లో చేసినంత మాత్రాన అది కుటుంబ పని ఎట్లు అవుతుందో మాకు అర్థం కావడం లేదు. ఇందులో తల్లులను దోషులుగా నిలబెట్టడాన్ని మేము అంగీకరించము. చీరకు ఇచ్చే రేటు ఒక మనిషి శ్రమకు గిట్టుబాటయితే ఏ తల్లీ బిడ్డ చేతిలోని పలకను లాగదు. అహ్మదాబాదులో 1972లో ఇలా భట్ నాయకత్వాన ఏర్పడిన సేవా సంస్థ ఇంటివద్ద పనిచేసే స్త్రీలు కూడా కార్మికులేనని పోరాడి నిలబెట్టింది. 1996లో అంతర్జాతీయ కార్మిక సంస్థ గృహకార్మికుల కోసం 177వ ఒప్పందాన్ని ఆమోదించింది. భారతదేశం నేటికీ దానిని ధ్రువపరచలేదు. ఇంటిపని రేటు కోసం పోరాడటం, బిడ్డ సాయంత్రాన్ని కాపాడటం ఒకే పోరాటమని మన సంఘాలు గ్రహించాలి.

2020 నాటి గాయాన్ని మరవరాదు. ఆ మార్చి నెలలో మూతబడిన బడులలో గుజరాత్‌లోని ఒకటి నుంచి ఐదు తరగతులు 2021 నవంబర్ 22న గాని తెరుచుకోలేదు. ఇరవై మాసాలు! ఆ ఏప్రిల్‌లో సూరత్ వలస కార్మికులు మమ్మల్ని ఇళ్ళకు పంపండని వీధులలోకి వచ్చిన దృశ్యాన్ని దేశం చూసింది. ఇంటికి ఒకే ఫోను, అదీ తండ్రి జేబులో ఉన్న కుటుంబాలలో ఆన్‌లైన్ పాఠం అన్న మాటకు అర్థం లేదు. అప్పుడు ఒకటవ తరగతిలో ఉన్న బిడ్డ అక్షరాలు దిద్దకుండానే పై తరగతికి జరిగింది. ఆ తరం బిడ్డలు నేడు పై తరగతులలో ఉన్నారు. వారి వెనుకబాటు వారి తప్పు కాదు. వారికి ప్రత్యేక బోధన ఇవ్వడం సర్కారు తీర్చవలసిన బాకీ.

తిరుగు ప్రయాణం సంగతి కూడా ఉన్నది. 2017 అక్టోబర్ 22న వరంగల్ వద్ద కాకతీయ మెగా టెక్స్‌టైల్ పార్కుకు శంకుస్థాపన జరిగినప్పుడు, సూరత్, భివండీ పోయిన మన నేతకార్మికులు తిరిగి రాగలరన్న ఆశ బలంగా వినిపించింది. తిరిగి వచ్చేవారు వస్తారు, ఉండేవారు ఉంటారు. ఎవరు ఎక్కడ ఉన్నా బిడ్డ చదువు తెగకూడదు. తెలుగు చదవగలిగిన బిడ్డకు ఊరి దారి తెరచి ఉంటుంది. గుజరాతీ చదవగలిగిన బిడ్డకు నగరపు దారి తెరచి ఉంటుంది. రెండు దారులూ తెరచి ఉంచడమే మన కోరిక.

గుజరాత్ కార్మికోద్యమానికి బడి కొత్త కాదు. అనసూయా సారాభాయి అహ్మదాబాదులో మిల్లు కార్మికుల బిడ్డలకు బడి పెట్టి, ఆ దారినే కార్మికుల మధ్యకు వచ్చారు. 1920లో ఏర్పడిన మజూర్ మహాజన్ పగటి బడులు, రాత్రి బడులు నడిపింది. సంఘ చందా పుస్తకం, బిడ్డ వాచకం ఒకే కప్పు కింద ఉండిన కాలం అది. నేటి మన సంఘాలు ఎంత చేశాయో ఆత్మవిమర్శ చేసుకోవాలి. మేడే నాడు జెండా ఎగురవేసి, బోనసు నెలలో గేటు మీటింగు పెట్టి, తక్కిన కాలమంతా బడి గడప తొక్కని కమిటీలు మనలో ఉన్నాయి. ఈ లోపం మా ఫెడరేషనుకు కూడా ఉన్నదని ఒప్పుకొనడానికి మేము సిగ్గుపడము.

కావున మేము ఈ క్రింది కోర్కెలను సంబంధితుల ముందు ఉంచుతున్నాము. మొదటిది: సూరత్ నగర ప్రాథమిక విద్యా సమితి తన తెలుగు తరగతులలోని ఖాళీలను తెలుగు, గుజరాతీ రెండూ తెలిసిన ఉపాధ్యాయులతో నింపాలి, సంఖ్య తగ్గినదని తరగతి మూసే ముందు తల్లిదండ్రుల సమావేశం జరపాలి. రెండవది: తెలుగు మాధ్యమం ముగించిన బిడ్డ ఏ ఉన్నత పాఠశాలలో, ఏ మాధ్యమంలో చేరవచ్చునో ముందుగానే చెప్పి, ఆ మార్పుకు తోడ్పడే తరగతులు నడపాలి. మూడవది: తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వాలు తమ పాఠ్యపుస్తకాలను, ఉపాధ్యాయ శిక్షణను గుజరాత్‌తో ఒప్పందం చేసుకొని అందించాలి; అక్కడి నుంచి తిరిగి వచ్చే బిడ్డలను వయసుకు తగిన తరగతిలో చేర్చుకోవాలి. నాలుగవది: రింగ్ రోడ్డు వ్యాపార సంఘాలు ఇంటిపనికి గిట్టుబాటు రేటు ప్రకటించి, దానిని మధ్యవర్తుల చీటీపై వ్రాయించాలి.

స్థానిక కమిటీలకు మా విజ్ఞప్తి ఇంతకంటె చిన్నది, ఇంతకంటె కష్టమైనది. దీపావళి సెలవులకు ముందు ప్రతి పేటలోను ఒక్కసారి బడికి వెళ్ళండి. మీ కార్మికుల బిడ్డలు ఎందరు చేరారో, ఎందరు వస్తున్నారో టీచరుతో కలసి లెక్క వేయండి. విద్యాహక్కు చట్టం కింద ఏర్పడిన పాఠశాల నిర్వహణ కమిటీలో తల్లిదండ్రులకు స్థానం ఉన్నది. ఆ స్థానంలో మన కార్మికుడు, ముఖ్యంగా మన కార్మికురాలు కూర్చునేటట్లు చూడండి. దీపావళికి ఊరికి పోయే కుటుంబం మళ్ళీ రాదని తెలిస్తే బయలుదేరే ముందే టి.సి. తీయించండి. సంఘ కార్యాలయంలో సాయంత్రం ఒక దీపం, ఒక చాప, నలుగురు పెద్దపిల్లలు చాలు. రోజుకు గంటసేపు చిన్నపిల్లలు చదువుకొంటారు. షిఫ్టు మారి ఇంటికి వచ్చిన కార్మిక సోదరులారా, పడుకొనే ముందు మీ బిడ్డ పుస్తకం తెరచి ఒక పుట చదివించుకోండి. మీకు చదువు రాకపోయినా ఫరవా లేదు. వినేవారున్నారని బిడ్డకు తెలిస్తే చాలు.

రింగ్ రోడ్డు మీద బట్టకు గజం కొలత ఉన్నది, మీటరు కొలత ఉన్నది. మన సంఘాల పనికి కూడా ఒక కొలత ఉండాలి. ఈ విద్యాసంవత్సరం ముగిసేనాటికి మన పేటలలో మూడవ తరగతి బిడ్డలు ఎందరు ఒక పుటను అర్థం తెలిసి చదివారు, ఎందరు తండ్రి కూలి చీటీని గుణించి సరిచూశారు – ఆ లెక్కను ప్రతి కమిటీ మాకు పంపాలని కోరుతున్నాము. వచ్చిన లెక్కలను, అవి మనకు గౌరవం తెచ్చినా తేకపోయినా, ఇదే పత్రికలో ప్రకటిస్తాము.